సామాన్ల మేస్త్రి సర్దిన సంచి

ఇళ్లు మారేవాళ్ల సామాను కట్టి లారీకెక్కించడంలో మేస్త్రికి పదిహేడేళ్ల అనుభవం. అద్దాల బీరువా ఆయన చేతిలో పడిందంటే ఎంత దూరం వెళ్లినా గీత పడదు. అలాంటి మనిషికి ఆస్పత్రి సంచి ఒక లెక్కా? భార్యకి తొమ్మిదో నెల రాగానే "ఆ పని నాకొదిలెయ్" అని చొక్కా చేతులు పైకి మడిచాడు.

నిజానికి ఆవిడ అడిగింది సంచి గురించి కాదు. కాన్పు గదిలోకి భర్తని రానిస్తామని డాక్టరమ్మ చెప్పింది. "మీరు లోపలికి వస్తారా?" అని ఆవిడ మొదటిసారి అడిగిన రోజు మేస్త్రి బజారుకెళ్లి ఫ్లాస్కు కొనుక్కొచ్చాడు. రెండోసారి అడిగితే ఇంకో ఫ్లాస్కు తెచ్చాడు. మూడోసారికి గోడౌన్ నుంచి బబుల్ షీటు చుట్ట మోసుకొచ్చాడు. బీరువాలెత్తే మనిషికి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయన్న సంగతి ఆయనకీ ఆయన మోకాళ్లకీ తప్ప ఎవరికీ తెలీదు. తన పిరికితనానికి పనిమంతుడి వేషం వేసి ఇల్లంతా తిప్పుతున్నానని తనకీ తెలుసు. తెలిసీ టేపు లాగుతూనే ఉన్నాడు.

నొప్పులు మొదలైన పొద్దున అత్తగారితో, సంచితో సహా ఆస్పత్రికి చేరారు. భార్యని లోపలికి తీసుకెళ్లారు. కాసేపటికి నర్సు తలుపు తీసి, "బిడ్డకి చుట్టే బట్టలివ్వండి సార్, సిద్ధంగా పెట్టుకుంటాం" అంది.

మేస్త్రి సంచి వైపు చూశాడు. నాజూకైన సామాను ఎప్పుడూ నట్టనడుమ ఉండాలి, చుట్టూ గట్టివి బిగించాలి. ఆయన నేర్చిన విద్య అది. లోకంలో పసిబిడ్డ బట్టలకన్నా నాజూకైనవి ఏముంటాయి? అందుకే అన్నిటికీ మధ్యన పెట్టి, జిప్పు మీద మూడు చుట్లు టేపు వేశాడు. ఇప్పుడు చూస్తే టేపు కోసే కత్తి ఇంట్లోనే ఉండిపోయింది. పళ్లతో కొరికాడు. టేపు తెగలేదు కానీ మీసానికి అంటుకుంది.

"ఇటివ్వండి బాబూ" అని అత్తగారు జడపిన్నుతో దాన్ని చీల్చింది.

జిప్పు తీయగానే బిగబట్టుకున్న సామానంతా వరండాలోకి దూకింది. దిండు, చెప్పులు, చార్జరు, రెండు ఫ్లాస్కులు. భార్య నైటీలు ఎదురు బెంచీ మీది పెద్దాయన కాళ్ల దగ్గర పడితే, ఆయన మర్యాదగా కిటికీ వైపు తిరిగాడు. చివరికి నాలుగు పొరల బబుల్ షీటులోంచి బిడ్డ బట్టలు బయటపడ్డాయి.

"ఇవేమన్నా గాజు సామానా సార్?" అంటూ నర్సు తీసుకెళ్లింది. పదిహేడేళ్ల పరువు నేల మీద పరుచుకుని ఉంది. మేస్త్రి సిగ్గుతో చచ్చిపోతూ ఒక్కొక్కటే ఏరుకోసాగాడు.

తలుపు మళ్లీ తెరుచుకుంది.

"సార్, మీ ఆవిడ పిలుస్తోంది."

"ఏం తెమ్మంది? దిండా, ఫ్లాస్కా?"

"ఏమీ వద్దట. మిమ్మల్నే రమ్మంటోంది."

మేస్త్రి దిండుని గుండెకి హత్తుకుని నిలబడిపోయాడు. అత్తగారు దాన్ని లాగేసుకుంది. ఇక పట్టుకోడానికి ఏమీ మిగల్లేదు. లోపలికి వెళ్లాడు.

భార్య జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయింది. "వచ్చారా" అంది.

"నాకు భయంగా ఉంది" అన్నాడు మేస్త్రి. తొమ్మిది నెలలుగా గొంతు దాటని మాట అది.

"నాకూ భయమే. అందుకే రమ్మన్నా" అని ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.