హైమ విమానం కింద సముద్రం

భూమి బల్లపరుపుగా ఉందని మా మరిది గవర్రాజు అన్నప్పుడల్లా మా అపార్ట్‌మెంట్ మీటింగు హాలు కాస్త పొడుగవుతుంది. కాకినాడ ఎండ పడుతున్న గుమ్మం ఇప్పుడు ఎక్కడో చివర అగ్గిపెట్టెంత కనిపిస్తోంది. వెనక వరసల వాళ్ళు కాఫీ కోసం ముందుకి రావాలంటే టిఫిను మూట కట్టుకుని బయల్దేరుతున్నారు. ఎవరూ ఏమీ అనుకోవడం లేదు.

నేను మాత్రం గడియారం చూసుకుంటున్నాను. నా చెల్లెలు హైమ, అంటే ఈ మహానుభావుడి పెళ్ళాం, ఈ క్షణాన చిలీలోని శాంటియాగో నుంచి ఆస్ట్రేలియాలోని సిడ్నీకి విమానం నడుపుతోంది. ఇక్కడ హాలు ఎంత సాగితే దాని కింద సముద్రం అంత సాగుతుంది. విమానంలో ఇంధనం మాత్రం సాగదు.

వాట్సాప్ గ్రూపులో ఎన్నాళ్ళనుంచో నలుగుతున్న ఈ బల్లపరుపు గొడవని ఇవాళ ఓటుకు పెట్టారు. ప్రెసిడెంటు విశాలాక్షిగారు గంట కొడతారు. "తీర్మానం అయ్యాక భూమి మళ్ళీ ఆకారం మార్చుకోడానికి లేదు. తరవాత నన్ను అడగొద్దు."

నేను లేచి నిలబడతాను. "మరిదిగారూ, ఈ దారిలో హైమ పద్నాలుగు గంటల్లోపే దిగిపోతుంది. మీరు గోడకి తగిలించిన ఆ పళ్ళెంలాంటి మ్యాపులో కొలిస్తే దూరం పాతికవేల కిలోమీటర్లు దాటుతోంది. అంటే గంటకి దాదాపు రెండు వేలు పోవాలి. ప్రయాణికుల విమానం తొమ్మిది వందలు పోతే గొప్ప. మరి ఎలా దిగుతోందండీ?"

"ఎనకనుంచి గాలి తోసేస్తాదండి."

"మరి వచ్చేటప్పుడో?"

"అప్పుడు అట్నించి ఇటు తోస్తాదండి వదినగారూ. గాలికి హైమంటే గౌరవం."

హాలంతా చప్పట్లు. నేల సాగి, నా పక్క కుర్చీ పిలిచినా వినపడనంత దూరం జరిగిపోతుంది. లెక్కలు చెప్పి ఈ మనిషిని ఒప్పించవచ్చనుకున్నాను చూడండి, నా అంత తెలివితక్కువది ఇంకొకతె లేదు. ఒళ్ళు మండిపోతోంది.

బల్ల మీద ఫోను మోగుతుంది. స్పీకరు పెడతాను.

"అక్కా," హైమ గొంతు నిదానంగానే ఉంది. "ఇక్కడ సముద్రం పెరుగుతోంది. మీరేం మాట్లాడుకుంటున్నారు?"

"మీ ఆయన గెలుస్తున్నాడే."

"ఇంకా ఎంతసేపు గెలుస్తారట? ఇంధనం అడుగంటుతోంది. నేల జాడే లేదు."

గవర్రాజు బల్ల దగ్గరికి పరిగెత్తుకొస్తాడు. ఫోను రెండు చేతులతో పట్టుకుంటాడు. "హైమా, కాస్త స్పీడు పెంచుకోకూడదా? రెండు వేలు చాలు."

"రెక్కలు ఊడిపోతాయండీ."

"పోనీ, ఎనక్కి వచ్చెయ్యి."

"వెనక కూడా అంతే దూరం అయిపోయిందండీ."

విశాలాక్షిగారు తీర్మానానికి అనుకూలంగా ఉన్నవాళ్ళని చేతులెత్తమంటారు. కనుచూపు మేర చేతులే. వాటిని లెక్కపెట్టడానికి ఆవిడ సైకిలెక్కి వెనక వరసలకేసి వెళ్ళిపోతారు.

"ఆవిడ తిరిగొచ్చేలోగా తీర్మానం వెనక్కి తీసుకోండి," అంటాను. "పెట్టింది మీరు. తీసుకోగలిగిందీ మీరే."

"ఇంతమంది నమ్మారండి. ఇప్పుడు కాదంటే గ్రూపులో మొహం ఎలా చూపించనండి?"

"హైమకి చూపిస్తారా, గ్రూపుకా?"

ఫోనులో ఒక ఇంజను చప్పుడు ఆగిపోతుంది. ఇంకొకటి మిగిలి ఉంది. నాకు ఏడుపొస్తోంది, ఏడిస్తే అతను ఇంకా మొండికేస్తాడని ఆపుకుంటున్నాను.

గవర్రాజు నోరు తెరుస్తాడు. తప్పయిందన్న మాట రాదు. హైమతో పెళ్ళయినప్పటి నుంచీ ఆ మాట అతని నోట నేను వినలేదు. ఎక్కడుంటుందో అతనికీ తెలిసినట్టు లేదు. కాసేపు నోటితో వెతుక్కుని, మానేసి, చెప్పులు విడిచి, వరసల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని చేతులు నేలకి ఆనిస్తాడు.

తెల్లచొక్కా కింద అతని వీపు గుండ్రంగా లేస్తుంది. భుజాలనుంచి నడుందాకా సముద్రం నీలంగా పరుచుకుంటుంది. పక్కటెముకల మీద అంత ఏటవాలుగా ఉన్నా ఒక్క చుక్క జారదు. మెడ దగ్గర చీమంత విమానం, ఒక్క ఇంజనుతో.

"ఎక్కడిదాకా వచ్చిందండీ?" అని నేలకేసి అడుగుతాడు.

"భుజాలు దాటింది."

"ఇంకా వంగనా?"

"వంగండి."

వంగుతాడు. సైకిలు బెల్లు దగ్గర పడుతోంది. అతని నుదురు నేలకి తగులుతుంది, వెన్నుపూసలు దీవుల్లా ఒక్కొక్కటే నీళ్ళలోంచి పైకొస్తాయి. రెండో ఇంజను కూడా ఆగుతుంది. నడుం దగ్గర, ఆఖరి పూసకి అటూ ఇటూ, రెండు వరసల్లో సన్నటి రన్‌వే దీపాలు వెలుగుతాయి. చొక్కా ముడత పడకుండా నేను అంచు లాగి పట్టుకుంటాను.

"చక్రాలు దించింది," అంటాను. "కదలకండి మరిదిగారూ."

గవర్రాజు ఊపిరి బిగబడతాడు. అలలు ఆగిపోతాయి.