మౌస్ కదపని దొంగ

ఆ కంటి ఆసుపత్రికి వెబ్‌సైట్ తయారుచేసినవాడికి అనుమానం పాలు కాస్త ఎక్కువ. ఇంట్లో చెంచా కనబడకపోతే కట్టుకున్న భార్యనే ముందు అనుమానించే రకం. అలాంటివాడికి ఓ దొంగ దొరికాడు.

రోజూ సరిగ్గా పదింటికి ఎవరో అపాయింట్‌మెంట్ పేజీలోకి వస్తున్నారు. మౌస్ అంగుళం కూడా కదలదు. కీబోర్డు మీది ట్యాబ్ మీట ఒక్కటే నొక్కుకుంటూ పేజీ అంతా చుట్టబెట్టి, అరగంటకి ఏమీ బుక్ చేయకుండా వెళ్లిపోతున్నారు. మనిషన్నవాడు మౌస్ ముట్టకుండా ఉంటాడా?

"రోబోనే! ఖాళీలన్నీ వీడే పట్టుకుని ఎవరికీ అందకుండా చేస్తున్నాడు" అని పళ్లు కొరికాడు మనవాడు.

అంత కోపానికి సొంత కారణమూ ఉంది. బట్టలు కుట్టే అక్కకి చూపు మసకబారుతోంది. నెలలోపు పెద్ద డాక్టరుకి చూపించకపోతే ఉన్న చూపూ దక్కదని కళ్లద్దాల షాపాయన మరీ మరీ చెప్పాడు. ఆవిడేమో "డాక్టరు టైము దొరకట్లేదురా" అంటుంది. తను బుక్ చేసిపెడతానంటే వినదు.

"నా సూదిలో దారం నేనే ఎక్కించుకుంటా. నువ్వు చేసిన సైటేగా, నాకు రాదా ఏం?"

పోనీ ఫోన్ చేద్దామంటే, ఆసుపత్రివాళ్ల చేత ఫోన్ ఎత్తడం మాన్పించిందే ఈ మహానుభావుడు. అంతా వెబ్‌సైట్లోనే హాయిగా అయిపోతుందని వాళ్లని ఒప్పించిన రోజు ఎంత పొంగిపోయాడో!

సరే, అక్క కోసమైనా దొంగ పని పట్టాలనుకున్నాడు. మౌస్ కదపనివాళ్లకి అడ్డంగా ఓ తలుపు పెట్టాడు. తొమ్మిది బొమ్మల్లో పడవలున్నవి ఏరితేనే లోపలికి. ఏరలేకపోతే ఓ మాట వస్తుంది. ఆ మాట రాసిందీ తనే. వారం రోజులు దొంగ వచ్చి ఆ తలుపు దగ్గరే చతికిలబడ్డాడు. మనవాడి సంబరానికి పట్టపగ్గాల్లేవు.

ఆ కబురు స్వయంగా చెబుదామని ఓ పొద్దున అక్క ఇంటికి వెళ్లాడు. కుట్టుమిషను పక్కన కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. తెర మాత్రం ఆపేసి ఉంది.

"వెలుగుకి కళ్లు మండుతున్నాయిరా. తెర మీదివన్నీ ఈ కంప్యూటరే చదివి వినిపిస్తుంది."

టైము పది. ఆవిడ వేలు ట్యాబ్ మీట మీద ఉంది. "బొమ్మ... బొమ్మ... బొమ్మ..." అంటోంది యంత్రం.

"మొన్నటిదాకా బటన్, బటన్ అనేది. అది ఏ బటనో చెప్పి చచ్చేది కాదు. ఇప్పుడు బొమ్మలట. ఏం బొమ్మలో ఎవడికి తెలుసు? ఉండు, అసలుది విను."

"మీరు మనిషేనని మాకు నమ్మకం కలగలేదు. దయచేసి వెళ్లిపోండి," అంది యంత్రం.

"విన్నావా? వారం నుంచీ ఇదే వరస. ఎవడు రాశాడ్రా ఈ మాట?"

"నేనే అక్కా."

ఆవిడ మీట మీంచి వేలు తీసేసింది. చెంప పగలగొట్టినా బాగుండేదనిపించింది వాడికి.

"ముందు ఆ తలుపు పీకెయ్. బటన్లకి పేర్లు పెట్టు. తిట్లు తర్వాత తీరిగ్గా తిందువుగాని."

వాడు అక్కడే కూర్చుని తలుపు తీసేశాడు. ఒక్కో బటనుకీ పేరు పెట్టాడు. ఆవిడ మళ్లీ మీట నొక్కింది. "పెద్ద డాక్టరు. తేదీ. ఖాయం చేయండి." ఒక్కొక్కటీ విని, ఎవరి సాయమూ లేకుండా తనే అన్నీ నింపింది.

నెల గడువులో ఇంకా నాలుగు రోజులున్నాయి. మొదటి ఖాళీ మాత్రం నలభై రోజుల తర్వాత ఉంది.

అక్క వేలు కాసేపు మీట మీదే ఆగింది.

"ఈ బటను ఆ మొదటిరోజే తన పేరు చెప్పి ఉంటే బాగుండేదిరా," అని నొక్కింది.