ఎనిమిది వారాల మాట

బస్సు డ్రైవరు ఆ మధ్యాహ్నం డ్యూటీని తోటి డ్రైవరుతో మార్చుకుని, యూనిఫాంలోనే కూతురి బడికి వచ్చాడు. కూతురికి తొమ్మిదేళ్ళు. బొద్దుగా, పొట్టిగా ఉంటుందని ఇంటిల్లిపాదీ బుడంకాయ అని పిలుస్తారు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. అది చాలదన్నట్టు గుండెలో రంధ్రం కూడా. ఆరేళ్ళప్పుడు ఆపరేషన్ చేసి దాన్ని మూసేశారు.

ఇలాంటి పిల్లలకి బడిలో ఏటా ఒక ప్లాను రాస్తారు. ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి, ఏం చేయనివ్వకూడదు అని. ఆ చివరిదాని కింద మూడేళ్ళుగా ఒకటే వాక్యం: డాక్టరు పరుగు, ఆటలు వద్దన్నారు. దాని పుణ్యమా అని ఆటల పీరియడ్ వస్తే పిల్లలంతా మైదానానికి, బుడంకాయ లైబ్రరీకి. అది ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, రొప్పుతూ తనకేసి పరిగెత్తుకొస్తే చూడాలని తండ్రికి ప్రాణం కొట్టుకునేది.

మరి ఏటా చెకప్‌లో డాక్టర్నే అడగొచ్చుగా అంటారా? అడగలేదు. గుండె బాగుందనగానే దండం పెట్టి బయటపడేవాడు. అడిగితే జన్మలో వద్దంటారేమోనని భయం. అడక్కపోతే ఆశన్నా మిగులుతుంది. కిక్కిరిసిన రోడ్డు మీద అంత బస్సునీ అలవోకగా తిప్పే మనిషికి ఆ ఒక్క ప్రశ్నకీ నోరు పెగల్లేదు.

ఈ ఏడు కొత్తగా వచ్చిన టీచరమ్మ మాత్రం మొండిఘటం. "డాక్టరు మాటని రాసుకుంటున్నాం గానీ డాక్టర్ని పిలవం. ఇదెక్కడి చోద్యం?" అని ఆస్పత్రికి నాలుగుసార్లు ఫోన్ చేసి, మీటింగుకి పదిహేను నిమిషాలు సంపాదించింది. అది ఆటల పీరియడ్లోనే పడింది. బుడంకాయ నాన్న పక్కనే కూర్చుని, నేలకందని కాళ్ళు ఊపుతోంది. టేబుల్ మీద ఫోన్లో డాక్టరుగారు.

టీచరమ్మ ఆ వాక్యం, ప్లానుకి కుట్టి ఉన్న డాక్టరు చీటీ చదివింది.

"ఆ కాగితం మీద తేదీ ఎప్పటిది?" అన్నారు డాక్టరుగారు.

"ఆపరేషనైన వారానిదండీ. మూడేళ్ళు దాటింది."

"అది ఎనిమిది వారాల మాటమ్మా. ఛాతీ ఎముక అతుక్కునేదాకా. గడువు రాయకపోవడం నా పొరపాటే. పల్టీలు మాత్రం వేయించకండి, ఇలాంటి పిల్లలకి మెడ కీళ్ళు వదులుగా ఉంటాయి. మిగతావన్నీ ఆడనివ్వండి. అలిసిపోతే తనే ఆగుతుంది."

"మావాళ్ళూ ఏటా పాత ప్లాను చూసి దించేశారు," అంది టీచరమ్మ తలొంచుకుని.

తండ్రికి వాళ్ళ మీద కోపం రావాలి. రాలేదు. ఒక్క మాట అడిగుంటే పోయేదిగా అని తన మీద తనకే అసహ్యమేసింది. మూడేళ్ళ ఆటలు ఎవరు తెచ్చిస్తారు?

"పీరియడ్ ఇంకా పది నిమిషాలుంది. తీసుకెళ్ళండి," అంది టీచరమ్మ.

మైదానం చుట్టూ సున్నంతో గీత గీసి ఉంది. లోపల పిల్లలు ఒకటే గోల. బుడంకాయ గీత దగ్గర ఆగిపోయింది.

"వెళ్ళమ్మా, ఆడుకో."

అది అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. "గుండె పాడవుద్ది నాన్నా. నువ్వే చెప్పావ్."

"తప్పు చెప్పాను తల్లీ," అన్నాడు.

బుడంకాయ నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? మూడేళ్ళు ఆయనే నూరిపోశాడాయె. ఇద్దరూ అలా నిలబడి ఉండగానే గంట కొట్టేశారు. పిల్లలు బిలబిలమంటూ లోపలికి పోయారు.

మైదానం ఖాళీ అయ్యాక బుడంకాయ మెల్లిగా ఒక కాలు గీత అవతల పెట్టింది. చేత్తో ఛాతీ తడుముకుంది. కాసేపుండి కాలు వెనక్కి తీసేసుకుంది.

"రేపు మళ్ళీ వద్దామా?" అని అడిగాడు తండ్రి.

బుడంకాయ గీత వంక, తన కాళ్ళ వంక చూసుకుంది.

"రేపు రెండు కాళ్ళు," అంది.