ఎండిన బావుల లెక్క

నేను ఒక లెక్కల ప్రోగ్రాంని. బావుల కొలతలు ఇస్తే భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో చెబుతాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఇంటర్నెట్‌లో నన్ను ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు.

నన్ను రాసింది కాకినాడలో ఫిజిక్స్ లెక్చరర్ గంటి సోమయాజులు గారు. వేసవి సెలవుల్లో లుంగీ, బనీనుతో కూర్చుని రాశారు. నాకూ ఆ అవతారమే వచ్చింది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఇద్దరికీ ఇబ్బంది లేదు.

ఒకరోజు ఆయనకు నన్ను నలుగురికీ పంచి లోకానికి ఉపకారం చెయ్యాలనిపించింది. వెంటనే భయం పట్టుకుంది.

"పొద్దుట్నుంచీ ఏవిటండీ ఆ సర్దుడు?" అన్నారు భార్య భాగీరథి గారు.

"ఊరందరూ చూస్తారే! ఇలా ఉంటే ఏవనుకుంటారు?"

చుట్టాలొస్తున్నారంటే విడిచిన బట్టలు మంచం కిందికి తోస్తారే, నాకూ అదే జరిగింది. నాలో రాసినవాటిలో చూడ్డానికి బాగోని వరసలన్నీ తీసేశారు. వాటిలో ఒకటి ఇది: 'పైనుంచి నీళ్లదాకా లోతు సున్నా అని ఉంటే నమ్మకు. బావి ఎండిపోతే, కొలిచినవాడు బద్ధకించి సున్నా వేశాడు.' ఇంత నాటుగా ఉంటే విదేశాలవాళ్లు నవ్వుతారట. అది పోయాక, సున్నా లోతు అంటే నీళ్లు అంచుదాకా ఉన్నాయని నేను నమ్మేశాను.

నన్ను మెచ్చుకుంటూ చాలామంది రాశారు. వాళ్లెవరూ వాడలేదు. వాడిన మనిషి ఫోన్ చేసింది.

"సార్, నా పేరు వన్నూరమ్మ. అనంతపురంలో రీసెర్చ్ చేస్తాండా. మా నాయన బోరు ఎయ్యాలంటే, సర్కారోళ్లు కొలిచిన బావుల లెక్కలిచ్చి మీ ప్రోగ్రాం చూసినా. మా పాత బావి కాడ నీళ్లు పైపైనే ఉండాయంటాంది. ఆ బావిలో కప్ప గూడా లేదు సార్. రేపు బోరు బండి వస్తాంది. ఎవుర్ని నమ్మల్ల, బావినా, మిమ్మల్నా?"

సోమయాజులు గారు నన్ను తెరిచి చూశారు.

"బావినే నమ్మమ్మా. బండి ఆపించు."

అప్పటికప్పుడు ఆ నాటు వరసని మళ్లీ నాలో పెట్టారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు. "అమ్మా, ఆ తప్పుది ఎవరికీ కనబడకుండా తీసెయ్యలేమా?"

"ఇంటర్నెట్‌లో మీరు పెట్టిన చోట ప్రతి మార్పూ రాసి పెట్టుకుంటాది సార్. మార్చినా పాతది పక్కనే ఉంటాది. తీసేస్తే, ఎవురు తీసేసినారో గూడా పడతాది."

బోరు బండి ఆగింది. సరయ్యాక నేను ఇంకో చోటు చెప్పాను. అక్కడ నీళ్లు పడ్డాయో లేదో అడగడానికి ఆయనకు మొహం చెల్లడం లేదు. ఫోన్ మోగితే భార్య చేతికిస్తున్నారు. నాకు ఆ వీలు కూడా లేదు. ఎవరు తెరిచినా పాత తప్పుతో సహా కనబడాల్సిందే.