లాగిపట్టే చెయ్యి

వాగుడుకాయ అన్న పేరు అతనికి ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్ళకు అతని భార్య మనసులోనే ఎన్నోసార్లు దణ్ణం పెట్టుకుంది. అంతకన్నా అతికే పేరు ఆమెకూ తట్టేది కాదు. పగలు సెలూన్లో గడ్డాలు గీస్తూ వాగేవాడు, సాయంత్రం బాక్సింగ్ రింగులో దెబ్బలు తింటూ వాగేవాడు, నిద్రలో కూడా ఎవరికో చెవుల పక్కన జుట్టు తగ్గించమంటారా అని అడిగేవాడు. ముందు గది సెలూను, వెనక గది ఇల్లు. ఆమె ఆ మాటలకు దూరంగా పారిపోదామన్నా చోటు లేదు. పారిపోవాలని ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు, అది వేరే సంగతి.

గడ్డం గీయడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. బాక్సింగ్ మాత్రం పెళ్ళయ్యాక అంటుకున్న పిచ్చి. అంటించింది సాక్షాత్తూ ఆమె అన్నయ్యే. అన్నయ్య బాక్సింగ్ నేర్పే మనిషి. చెల్లెలి మొగుడి చేతుల చురుకు చూసి, ఇంత మంచి చేతులు సబ్బు నురగపాలు కావడమేమిటని లాక్కుపోయాడు. ఆమె వద్దంది. బావా బావమరిదీ ఒకటయ్యాక ఆడమనిషి మాట వినేదెవరు?

ఆ పోటీ సంగతి చెప్పక తప్పదు, కాబట్టి ఒక్కసారే చెప్పేద్దాం. అవతలివాడు బేకరీలో పిండి పిసికే మనిషి. రింగులో అతన్ని గోడ అనేవారు, ఎంత కొట్టినా కొట్టినవాడి చెయ్యే నొప్పెట్టేది గనక. మొదటి రౌండ్లలో వాగుడుకాయ గోడ చుట్టూ గిరగిరా తిరుగుతూ, నీ రొట్టెల్లో ఉప్పు తక్కువవుతోందని ఆటపట్టించాడు. జనం పడీపడీ నవ్వారు. నాలుగో రౌండు నుంచి ఆ నవ్వు ఆగిపోయింది. గోడ కొట్టిన ప్రతి దెబ్బా తలకే తగలడం మొదలైంది. కనుబొమ్మ చిట్లింది, పెదవి చీలింది, ఒక కన్ను వాచి పూర్తిగా మూసుకుపోయింది. అయినా తాళ్ళకు ఆనుకుని నిలబడ్డాడే గానీ పడలేదు. మొగుడు కింద పడితే బాగుండునని కోరుకున్న పెళ్ళాం ఆ హాల్లో ఆమె ఒక్కతే.

రౌండుకీ రౌండుకీ మధ్య స్టూలు మీద కూర్చోబెట్టినప్పుడు, అన్నయ్య భుజం మీది టవల్ చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని రింగులోకి విసిరితే పోటీ అక్కడితో సరి. సరిగ్గా అప్పుడు వాగుడుకాయ, బట్టతలాయన దువ్వెన కొన్న జోకు చెప్పాడు. అన్నయ్య నవ్వాడు. నోట్లో నీళ్ళు పోసి ఉమ్మించేలోపు అదే జోకు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. కావాలనే ఆటపట్టిస్తున్నాడనుకుని అన్నయ్య మళ్ళీ నవ్వి, టవల్ తిరిగి భుజం మీద వేసుకున్నాడు. తలకు దెబ్బలు తిన్నవాడు చెప్పిందే మళ్ళీ చెబితే బయటివాళ్ళెవరైనా ఆ పొరపాటు చేసేవారు కాదు. ఆ ఇంట్లో మాత్రం, వాగుడుకాయ నోరు మూసుకుంటేనే భయపడాలన్నది అందరి లెక్క.

చివరి గంట దాకా నిలబడ్డాడు. బట్టలు మార్చుకునే గదిలో బూటు తాడు విప్పుతూ పక్కకు ఒరిగిపోయాడు. తలలో రక్తం గడ్డకట్టిందన్నారు, పుర్రె తెరిచారు. మళ్ళీ కళ్ళు తెరుస్తాడో లేదో చెప్పలేమన్నారు. తెరిచాడు. అన్నిటికన్నా ముందు తిరిగొచ్చింది మాటే. పక్కన నిలబడ్డ నర్సును ఎగాదిగా చూసి, ఈ జుట్టు కత్తిరించినవాణ్ణి జైల్లో పెట్టాలన్నాడు. ఆమె వరండాలోకి పోయి స్తంభానికి ఆనుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. తర్వాత, చచ్చుబడిన ఎడమ కాలు కూడా కొంత దారికొచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం రాలేదు. వేళ్ళు కదులుతాయి గానీ పట్టు లేదు, ఏది తాకినా తెలియదు. ఇక ఇంతేనని డాక్టరు చెప్పేశాడు.

ఇంతేనంటే ఎంతో మిగిలినట్టే అన్నాడు వాగుడుకాయ. కత్తి పట్టేది కుడి చెయ్యేగా. ఇంటికొచ్చి కాస్త కోలుకోగానే సాధన మొదలుపెట్టాడు. పని నేర్చుకునేవాళ్ళు రబ్బరు బుడగ ఊది, దానికి సబ్బు నురగ పూసి, పేలకుండా కత్తితో గీస్తారు. అతను రోజూ బుడగలు గీశాడు. మొదట్లో అవి ఠప్పుమని పేలి నురగ అద్దం మీదా, ఆమె చీర మీదా పడేది. పోనుపోను ఒక్కటీ పేలలేదు. ఇక పనిలోకి దిగొచ్చని ఇద్దరూ సంబరపడ్డారు. తొలి బేరంగా, ఎప్పుడూ వచ్చే రిటైర్డ్ హెడ్మాస్టారు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

బుడగ తనంతట తనే బిగువుగా ఉంటుంది. హెడ్మాస్టారి చెంప అలా ఉండదు. గడ్డం గీసేవాడు ఒక చేత్తో కత్తి ఆడిస్తే, రెండో చేత్తో చర్మం లాగిపట్టాలి. ఆ లాగిపట్టే చెయ్యే అసలు పని చేస్తుంది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఈ పని చేసిన మనిషికి ఆ సంగతి ఎందుకు తట్టలేదంటే, ఏం చెబుతాం? ఎడమ చెయ్యి ఏం చెయ్యాలో దానికెప్పుడూ చెప్పనక్కర్లేకపోయింది, అందుకని. హెడ్మాస్టారి చెంప ముడత పడింది, కత్తి ముడతకు తగిలింది, ఆయన చెంపకు తుండు అడ్డం పెట్టుకుని సగం గడ్డంతో వీధిన పడ్డాడు. పెద్ద గాయమేం కాదు. కానీ ఆ సగం గడ్డాన్ని వీధి వీధంతా చూసింది. ఆ సెలూనుకు పోయేవాళ్ళు ముందు వీలునామా రాసుకుని పోవాలన్న మాట మర్నాటికల్లా పుట్టింది.

అన్నయ్య ఆ పోటీ తర్వాత మనిషి మనిషిలా లేడు. పిల్లలకు నేర్పడం మానేశాడు. చెల్లెలి ఇంటికి వస్తే ఏదో ఒక మంచి చేసి గానీ వెళ్ళేవాడు కాదు, ఆ మంచి ఎవరికి పనికొస్తుందో చూసుకునేవాడూ కాదు. ఇప్పుడు ఫోన్లు బాగుచేసే అతన్నొకణ్ణి మాట్లాడాడు. ముందు గది అతనికి ఇచ్చేద్దాం, కుర్చీ పాత సామాన్లవాడికి వేసేద్దాం, బావ హాయిగా విశ్రాంతి తీసుకుంటాడు అన్నాడు. ఆమె సరేనంది. లాండ్రీలో పగలంతా ఇస్త్రీ చేస్తూ, ఇంటి దగ్గర అతను ఎవరి పీక కోస్తాడోనని హడలిపోవడం ఇక తన వల్ల కాదు.

సరేనన్న రోజు నుంచి వాగుడుకాయ మాట్లాడటం మానేశాడు.

అలిగి మానేసినా బాగుండేది, అలక తీర్చడం ఆమెకు తెలుసు. అడిగినదానికి ఊ అంటాడు, పెట్టింది తింటాడు, అద్దం తుడిచి మళ్ళీ తుడుస్తాడు. రాత్రి నిద్రలో కూడా కిక్కురుమనడు. ఆసుపత్రిలో పుర్రె తెరిచిన రోజున కూడా ఆమెకు ఇంత భయం వేయలేదు. అప్పుడు పోతాడేమోనని భయం, ఇప్పుడు ఎదురుగా కూర్చునే పోతున్నాడు. పోనీ వద్దని అన్నయ్యకు చెప్పేద్దామా అంటే, మళ్ళీ ఆ కత్తి గుర్తొచ్చేది. మింగలేక కక్కలేక ఆదివారం దాకా వచ్చింది. ఆదివారం పొద్దున ఫోన్లతను గది కొలతలు తీసుకోవడానికి వస్తానన్నాడు.

అతనికన్నా ముందు గోడ వచ్చాడు.

గోడ రావడం కొత్తేమీ కాదు. పోటీ అయిన దగ్గర్నుంచీ రోజూ తెల్లారగట్ల ఓ రొట్టె తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేవాడు. వాగుడుకాయ కనిపిస్తే అన్నా అని పలకరించేవాడు. ఆమె కనిపిస్తే వదినా అనేవాడు, ఆ పిలుపుకే ఆమెకు ఒళ్ళు మండేది. ఒక్కనాడూ బదులివ్వలేదు. రొట్టె తీసి పక్కింటివాళ్ళకు ఇచ్చేసేది. పక్కింటివాళ్ళు ఈ మధ్య కాస్త ఒళ్ళు చేశారు కూడా.

ఈసారి గోడ చేతిలో రొట్టె లేదు. గడ్డం మాసి నల్లగా ఉంది. గది ఇచ్చేస్తున్నారన్న సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. తలుపు దగ్గర తల వంచుకుని లోపలికొచ్చి, ఎవరి అనుమతీ అడక్కుండా కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది.

"గడ్డం గీయన్నా" అన్నాడు.

ఆమె వెనక గదిలోంచి పరుగున వచ్చి, కత్తి ముట్టుకోవద్దని మొగుడికి చెప్పింది. అతను కత్తి వంక చూశాడు, గోడ వంక చూశాడు. చాలా రోజుల తర్వాత నోరు విప్పాడు.

"నా ఎడమ చెయ్యి పట్టదు తమ్ముడూ. ఎందుకు పట్టదో నీకు నేను చెప్పాలా?"

"ఏం పట్టాలో చెప్పన్నా. నేను పడతాను" అన్నాడు గోడ.

ఆ ఒక్క ముక్కతో వాగుడుకాయ ముఖం మారింది. చెంప మీద ఎక్కడ వేళ్ళు పెట్టాలో, ఎటు లాగాలో తన చెంప మీదే చూపించాడు. నురగ కలిపాడు, పూశాడు. గోడ రెండు వేళ్ళూ చెవి పక్కన ఆనించి ఒక్క లాగు లాగేసరికి మూతి పక్కకు పోయింది. నెమ్మది, అది చెంప, నీ బేకరీ పిండి కాదు అని కసిరాడు వాగుడుకాయ. రెండోసారి సరిగ్గా పట్టాడు. చర్మం బుడగలా బిగిసింది. కత్తి పై నుంచి కిందికి సర్రున దిగింది, వెనకాల నున్నటి దారి మిగిలింది. వాగుడుకాయ ఆ దారిని బొటనవేలితో తడిమి చూసుకున్నాడు.

అక్కణ్ణుంచి అతని నోరు ఆగలేదు. బేకరీలో కొత్త యజమాని ఎలా ఉన్నాడని అడిగాడు, జవాబు చెప్పబోతే పెదవులు కదపొద్దని తిట్టాడు. హెడ్మాస్టారి మిగతా సగం గడ్డం ఇప్పుడు ఎవరి దగ్గరుందో ఆరా తీశాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఆమె, ఆ మాటలు ఒక్కొక్కటే చెవిన పడుతుంటే ఊపిరి పీల్చుకోవడం గుర్తొచ్చినదానిలా నిలబడింది. రెండో చెంప సగంలో ఉండగా గోడ కళ్ళలోంచి నీళ్ళు జారాయి. ఏడవకు, నురగ కరిగిపోతోంది, సబ్బు ఊరికే వస్తుందనుకున్నావా అన్నాడు వాగుడుకాయ. గోడ ముక్కు ఎగబీల్చి ఏడుపు ఆపుకున్నాడు.

గడ్డం కింద చిన్న గాటు పడింది. రక్తం బొట్టు పైకి తేలింది. ఏం నొప్పి లేదన్నా అని గోడ గబగబా అన్నాడు.

"ఆ రోజు నేనూ అదే అన్నాను" అన్నాడు వాగుడుకాయ.

ముందు నవ్వింది వాగుడుకాయే. గోడ కాసేపు బిక్కమొహం వేసి, ఇక ఆపుకోలేక నవ్వాడు. కత్తి తీసేదాకా నవ్వకురా బాబూ అని వాగుడుకాయ మొత్తుకున్నాడు.

ఇక మెడ మిగిలింది. తల వెనక్కి వాల్చాడు గోడ. మెడ దగ్గర చర్మాన్ని కింద నుంచి లాగిపట్టాలి. గోడ చేతులు పెడితే అవి కత్తికే అడ్డం వస్తున్నాయి. అటు పట్టి చూశారు, ఇటు పట్టి చూశారు, కుదరలేదు. వాగుడుకాయ తన ఎడమ చెయ్యి ఎత్తి ఆనించాడు. అది మెడ మీంచి జారి గోడ ఛాతీ మీద పడింది. అతను ఆ చేతి వంక ఓ క్షణం చూసి, మెడ వదిలేద్దాంలే, చొక్కా కాలరు కిందికి పోతుంది, ఎవరికి కనబడుతుంది అన్నాడు. ఆ మాట అన్న గొంతు ఆమెకు నచ్చలేదు. మళ్ళీ అద్దం తుడిచే మనిషి గొంతు అది.

ఆమె చేతులు కడుక్కుని కుర్చీ దగ్గరికి వచ్చింది.

గోడ మీద ఆమెకు కోపం పోలేదు. పోవాలని కూడా ఆమె అనుకోలేదు. కానీ రోజంతా ఒక చేత్తో బట్ట లాగిపట్టి ఇంకో చేత్తో ఇస్త్రీ పెట్టే మనిషి ఆమె. ముడత పడకుండా ఎంత లాగాలో ఆ వేళ్ళకు తెలుసు. తన మొగుణ్ణి అంత దెబ్బ కొట్టినవాడి మెడ మీద అరచెయ్యి ఆనించింది. చర్మం కింద నరం గబగబా కొట్టుకుంటోంది. అంత పెద్ద మనిషీ భయపడుతున్నాడు, అయినా కదలడం లేదు. ఎన్ని రొట్టెలు గుమ్మంలో పెట్టినా ఆమెకు కలగని జాలి అప్పుడు కలిగింది. ఆమెకు అది ఇష్టం లేకపోయినా కలిగింది.

"కదలకు" అంది.

అతనితో ఆమె అన్న మొదటి మాట అది. గోడ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆమె లాగిపట్టింది, వాగుడుకాయ కత్తి దించాడు. చెయ్యి కొంచెం పక్కకు జరపమంటే జరిపింది. ఇటు అంటే ఇటు పట్టింది. మొగుడూ పెళ్ళాలు ఎన్నో ఏళ్ళుగా అదే పని చేస్తున్నట్టు మెడంతా నున్నగా తేలింది.

సరిగ్గా అప్పుడే అన్నయ్య, వెనకాల కొలతల టేపుతో ఫోన్లతనూ లోపలికొచ్చారు. కుర్చీలో గోడనూ, బావ చేతిలో కత్తినీ, ఆ మెడ మీద చెల్లెలి చేతినీ చూసి అన్నయ్య కంగారుగా ముందుకొచ్చాడు. ఇదేం పని, చెయ్యి జారితే ఏం గతి అని ఆమెనే నిలదీశాడు.

"నేను పట్టుకున్నానుగా అన్నయ్యా" అంది ఆమె.

గోడ లేచి, అద్దంలో ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకుని పక్కకు జరిగాడు. వాగుడుకాయ కుర్చీ మీద నురగ తుడిచి, ఫోన్లతన్ని చూసి, నీ జుట్టు ఎవరు కత్తిరించారయ్యా అని మొదలుపెట్టాడు. ఫోన్లతను టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఈ గది ఎవరికీ ఇవ్వం" అంది ఆమె. "నువ్వు కూర్చో అన్నయ్యా, గడ్డం మాసిపోయింది. నీ చెంప నువ్వే పట్టుకో, మెడ దగ్గరికొచ్చాక నేను పడతాను."

అన్నయ్య వచ్చి కూర్చున్నాడు. వాగుడుకాయ నురగ పూస్తూ ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆమె తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుని, మెడ దగ్గరికి వచ్చేదాకా పక్కనే నిలబడింది.