కెప్టెన్ విందుకి కోటు

తోడల్లుడికి యాభై ఏళ్లు నిండాయి. యాభై ఏళ్లు చాలామందికి నిండుతాయి గానీ ఆయనకి నిండినంత ఘనంగా ఇంకెవరికీ నిండలేదు. అంతటి విశేషాన్ని నేల మీద జరుపుకుంటే నేల చాలదనుకున్నాడో ఏమో, సముద్రాన్ని ఎంచుకున్నాడు. అయిదు రోజుల ఓడ ప్రయాణం. తను, భార్య, మామగారు, వదినగారు, ఆవిడ మొగుడు. ఆ చివరి మనిషే మాస్టరు.

మాస్టరంటే బళ్లో పాఠాలు చెప్పే మాస్టరు కాదు, టైలరు మాస్టరు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా బస్‌స్టాండు వెనక సందులో, ఒక గది కొట్లో యూనిఫాంలు కుడుతున్నాడు. బ్యాంకు గార్డులు, నర్సులు, హోటల్ సర్వర్లు, లిఫ్టు నడిపేవాళ్లు. ఆ ఊళ్లో ఎవరు ఎవరికి సెల్యూట్ కొట్టినా ఆ చెయ్యి లేచేది మాస్టరు కుట్టిన చంకలోంచే. భార్య పక్కనే కూర్చుని కాజాలు కుడుతుంది, కొలతలు పుస్తకంలో రాస్తుంది.

బయల్దేరడానికి మూడు వారాల ముందు తోడల్లుడి నుంచి ఫోన్లో సందేశం వచ్చింది. "రెండో రోజు సాయంత్రం కెప్టెన్‌తో విందు. మగవాళ్లకి నల్ల కోటు, తెల్ల చొక్కా, మెడకి బో. తప్పనిసరి." దాని కింద నాలుగు ఫొటోలు. వాటిలో ఉన్నవాళ్లెవరికీ ముప్ఫై దాటలేదు, ఒక్కడికీ పొట్ట లేదు, అందరూ పక్క గదిలోంచి ఎవరో పిలిచినట్టు అటు చూస్తున్నారు.

మాస్టరు ఉత్సాహంగా ఫోన్ చేశాడు. "తమ్ముడూ, నా దగ్గర మంచి నల్ల గుడ్డ ఉంది. ముగ్గురికీ నేనే కుట్టేస్తాను."

"వద్దన్నయ్యా," అన్నాడు తోడల్లుడు చాలా ప్రేమగా. "నువ్వు బాగా కుడతావు, కాదనను. కానీ నువ్వు కుట్టింది వేసుకుంటే లేచెళ్లి ఎవరికైనా తలుపు తీయాలనిపిస్తుంది. ఆదివారం నాతో రా. నాకు తెలిసిన షాపుంది, అపాయింట్‌మెంట్ తీసుకున్నాను."

బట్టలు కొనడానికి అపాయింట్‌మెంటేమిటో మాస్టరుకి అర్థం కాలేదు. ఆ తలుపు మాట మాత్రం బాగా అర్థమైంది. ముఖం మాడ్చుకుని ఫోన్ పెట్టేశాడు.

"ఆయన మాట తీరే అంత," అంది భార్య కాజా మీంచి తలెత్తకుండా. "మా చెల్లెలు ముచ్చటపడి తీసుకెళ్తోంది. షాపులో మీరు ఏదో ఒకటి అనొద్దు. నోరు కుట్టేసుకోండి."

"ఏ రంగు దారంతో?" అన్నాడు మాస్టరు.

ఆదివారం అయిదుగురూ వెళ్లారు. తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల ఎంత చల్లగా ఉందంటే, కోటు లేకుండా బతకడం కష్టమని రెండు నిమిషాల్లో ఎవరికైనా తెలిసొస్తుంది. కుట్టుమిషను చప్పుడు గానీ, నేల మీద దారప్పోగు గానీ లేవు. ఎదురొచ్చినాయన చొక్కా మీద 'స్టైల్ కన్సల్టెంట్' అని రాసుంది. మెడలో టేపు ఉంది. మాస్టరు చూపు ముందు దాని మీదికే పోయింది. తన టేపు మీద మొదటి ఆరు అంకెలు అరిగిపోయి పదేళ్లయింది. ఈ టేపు మీద ఇంకా కొత్త వాసన పోలేదు.

కన్సల్టెంటు ముందు మామగారిని ఎగాదిగా చూశాడు. మామగారు కాలేజీ లాబ్‌లో అటెండరుగా చేసి రిటైరయ్యారు. చెవుడు. ఆ చెవుడు ఎప్పుడు ఎంత ఉండాలో ఆయనే చూసుకుంటారు.

"సార్‌ది పియర్ బాడీ," అన్నాడు కన్సల్టెంటు.

"ఏమంటున్నాడు?"

"మీ ఒళ్లు పియర్ పండులా ఉందంటున్నారు నాన్నా!" అని చిన్నకూతురు చెవి దగ్గర అరిచింది. షాపంతా తిరిగి చూసింది.

"అయితే నన్ను ఏ బుట్టలో పెడతాడట?" అన్నారు మామగారు.

కన్సల్టెంటు నొచ్చుకోకుండా కాలర్ల సంగతి ఎత్తుకున్నాడు. గుండ్రంగా వంపు తిరిగింది షాల్, మొన తేలింది పీక్. "షాల్ అంటే రిలాక్స్‌డ్ కాన్ఫిడెన్స్ సార్. పీక్ అంటే పవర్."

తోడల్లుడు పవర్ తీసుకున్నాడు. మాస్టరుకి అడగకుండానే కాన్ఫిడెన్స్ ఇచ్చారు, అది కూడా రిలాక్స్‌డ్‌ది. తర్వాత రంగు. తోడల్లుడికి నలుపు నచ్చలేదు. "దీపాల వెలుగులో నలుపు వెలిసినట్టుంటుంది సార్. నలుపు కన్నా నల్లగా కనపడాలంటే నీలం తీసుకోవాలి," అని కన్సల్టెంటు ముదురు నీలం కోటు తెచ్చాడు. తోడల్లుడు తనకీ విషయం పుట్టుకతోనే తెలుసన్నట్టు తలూపాడు. ఆ పైన మడతలు మడతలుగా ఉన్న పట్టుగుడ్డ ఒకటి తెచ్చి, నడుము చుట్టూ కట్టుకోవాలన్నాడు.

"నడికట్టు," అన్నారు మామగారు. "మా నాన్న బస్తాలు మోసేటప్పుడు కట్టేవాడు."

"కమ్మర్‌బండ్ సార్. ఇంటర్నేషనల్."

"ఆయన లారీలకి మోసేవాడులే."

ఈ సందట్లో మాస్టరు చెయ్యి ఊరుకోలేదు. తోడల్లుడి కోటు ఛాతీ భాగాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా నలిపాడు. చేత్తో కుట్టిన కోటయితే పై గుడ్డా, అస్తరూ, మధ్యలో కాన్వాసూ మూడూ విడివిడిగా జారుతాయి. ఇక్కడ పైగుడ్డా లోపలి గుడ్డా కలిసి అట్టముక్కలా వచ్చాయి. జిగురు! వేడీ తేమా ఒకసారి గట్టిగా తగిలితే ఊడి ఊరుకుంటుంది. "ఇది కుట్టిన..." అని నోరు తెరిచాడో లేదో, భార్య చెప్పు మడమ అతని బొటనవేలు మీద దిగింది.

"ఏమన్నారు సార్?"

"కుట్టిన తీరు బావుంది," అన్నాడు మాస్టరు కళ్లలో నీళ్లు తిరుగుతుండగా.

తనకిచ్చిన కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. ఛాతీ దగ్గర సరిపోయింది. భుజాలు మాత్రం ఎవరో వెనకనుంచి పట్టుకుని ఆపినట్టున్నాయి. చేతులు మోచేతి ఎత్తు దాటి లేవడం లేదు.

"చేతులు లేవట్లేదు తమ్ముడూ."

"ఓడలో నీకు చేతులెత్తే పనేముందన్నయ్యా? అంతా వాళ్లే చేస్తారు."

మామగారు ఏదీ తొడుక్కోలేదు. ఆలోచించి చెప్తానని గొడుగు పట్టుకుని బయటికి నడిచారు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం మాస్టరు కొట్టుకి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. కాసేపు ఫ్యాను వంక చూసి, "అల్లుడూ, నాకొక కోటు కుట్టు," అన్నారు.

"తమ్ముడు ఏమనుకుంటాడో మామయ్యా..."

"ఏమనుకుంటే నాకేం? నాకు వినపడదుగా."

మాస్టరు కొలతలు తీసుకున్నాడు. మామగారి కుడి భుజం ఎడమ భుజం కన్నా ముప్పావు అంగుళం దిగి ఉంది. నలభై ఏళ్లు లాబ్‌లో సీసాల పెట్టెలు ఒకవైపే మోసినందుకు మిగిలిన ఆస్తి అది. మాస్టరు టేపు అక్కడే పట్టుకుని కాసేపు ఆగాడు. ఇన్నేళ్లూ తను కుట్టింది మనుషులకి కాదు, ముప్ఫై ఎనిమిదికి, నలభైకి, నలభై రెండుకి. ఒక గార్డు మానేస్తే అదే చొక్కా ఇంకో గార్డు తొడుక్కుంటాడు. ఈ కోటు మాత్రం ఈ ముసలాయనకి తప్ప ఇంకెవరికీ పట్టదు. ఆ ఆలోచనకి మాస్టరుకి భయం వేసింది, సంతోషమూ వేసింది.

పదకొండు రోజులు పట్టింది. దిగిన భుజానికి పలచగా దూది మెత్త పెట్టాడు. కాన్వాసుని చేత్తో, వందల చిన్న కుట్లతో కూర్చాడు. చెవి మిషను బ్యాటరీలకి లోపల చిన్న జేబు పెట్టాడు. రెండుసార్లు నచ్చక చేతులు విప్పి మళ్లీ ఎక్కించాడు. యూనిఫాంల పని వెనకబడి నర్సుల హాస్టల్ నుంచి రోజూ ఫోన్లు. భార్య ఎత్తి, "మాస్టరుగారికి ఒంట్లో బాలేదండీ," అని చెప్పేది. చెప్పి, ఎవరూ అడగకుండానే ఆ కోటుకి కాజాలు తనే కుట్టింది.

ఓడ సంగతి చెప్పాలంటే అది ఓడలా లేదు, నీళ్ల మీద పెట్టిన పెద్ద హోటల్లా ఉంది. రెండో రోజు సాయంత్రం ఆరింటికి మాస్టరు మెడకి బో తగిలించుకునే ప్రయత్నంలో ఉన్నాడు. చేతులు మెడదాకా లేవకపోవడంతో ఆ పని భార్య చేస్తోంది. తలుపు దబదబా మోగింది. మరదలు.

"బావగారూ, ఒక్కసారి మా గదికి రండి. ఏమీ అడక్కండి."

తోడల్లుడు మంచం అంచున కూర్చుని ఉన్నాడు. కింద నల్ల ప్యాంటు, మెరిసే బూట్లు. పైన బనీను. ఉత్త మెడకి బో. నీలం కోటు పక్కనే పరిచి ఉంది. కెప్టెన్ ముందు ఒక్క ముడత కూడా ఉండకూడదని ఓడ లాండ్రీకి ఇచ్చి గట్టిగా ఆవిరి ఇస్త్రీ చేయమన్నాడట. వాళ్లు చెప్పింది చెప్పినట్టు చేశారు. పవర్ కాలరు కింద, ఎడమ ఛాతీ నిండా బుడగలు. వానకి తడిసిన గోడ మీద సున్నం ఉబ్బినట్టుంది.

కన్సల్టెంటుకి ఫొటో పంపితే వెంటనే జవాబొచ్చింది. "ఆవిరి తగిలిందా సార్? ఈ కోటుకి తేమ తగలకూడదు." సముద్రం మీద తొడుక్కోవడానికి కొన్న కోటది.

ఇంతలో మామగారు తన కొత్త కోటులో, నిటారుగా, కలెక్టరులా లోపలికి వచ్చారు. చిన్నకూతురు కళ్లు దాని మీద పడ్డాయి. "నాన్నా, మీ కోటు ఒక్క పూట..." అని మెల్లగా, పెదాలు కదిలీ కదలకుండా అంది.

"ఇవ్వను," అన్నారు మామగారు. అంత మెల్లటి మాట ఆయనకి ఎలా వినపడిందో ఎవరూ అడగలేదు.

మాస్టరు తన కోటు విప్పేశాడు. అది ఉంటే పని సాగదు. పెట్టెలోంచి సూది, దారం తెప్పించాడు. కత్తెర ఎక్కేటప్పుడే తనిఖీలో తీసేసుకున్నారు, పళ్లున్నాయి కదా అనుకున్నాడు. కోటుని ఒళ్లో వేసుకుని అస్తరు ఒక పక్క విప్పాడు.

"అంటించిన కోటని మీకు ఆ రోజే తెలుసు కదా," అంది భార్య హఠాత్తుగా. "నేనే చెప్పనివ్వలేదు. ఇప్పుడు చెప్పండి. అందరం ఉన్నాం."

తోడల్లుడు బో సర్దుకున్నాడు. మాస్టరు దగ్గర ఆ మాట సిద్ధంగానే ఉంది. మూడు వారాలుగా దాన్ని నాలుగు రకాలుగా తయారు చేసి, రోజూ స్నానం చేస్తూ పైకి అనుకుని చూసుకున్నాడు. తలుపు తీయడం గురించి అందులో చాలా పదునైన ముక్క ఒకటి ఉంది. కానీ బనీను మీద బో పెట్టుకున్న మనిషితో అది అనడం ఎలాగో అతనికి తోచలేదు. పైగా పెదాల మధ్య సూది ఉంది.

"ఆ దీపం కాస్త దగ్గరికి పట్టు తమ్ముడూ," అన్నాడు.

యాభై నిమిషాలు తోడల్లుడు దీపం పట్టుకుని నిలబడ్డాడు. బుడగ ఉన్నచోటల్లా గుడ్డని వెనక్కి లాగి, లోపలి పొరతో కలిపి, పైకి చుక్కంత మాత్రమే కనపడేలా మాస్టరు ఏటవాలు వరసల్లో కుట్టుకుంటూ పోయాడు. ఒకవైపే కుడితే మరమ్మతని తెలిసిపోతుందని, ఏ పాపమూ ఎరగని కుడివైపు కూడా అలాగే కుట్టాడు. "చెయ్యి నొప్పిగా ఉందన్నయ్యా," అని తోడల్లుడు రెండుసార్లు అన్నాడు. "ఓడలో అంతా వాళ్లే చేస్తారన్నావుగా," అని ఒక్కసారే అన్నాడు మాస్టరు. ఆ మాత్రం లేకపోతే మనిషి బతకలేడు.

విందులో కెప్టెన్ వాళ్ల బల్ల దగ్గర నిమిషం నిలబడి, అందరి వంకా ఒకేలా నవ్వి వెళ్లిపోయాడు. ఎదురుగా కూర్చున్న ఒకావిడ మాత్రం నీలం కోటు మీది చుక్కల వరసలు చూసి ముచ్చటపడింది. "ఇలాంటి పని ఎక్కడా చూడలేదండీ!"

"హ్యాండ్‌వర్క్," అన్నాడు తోడల్లుడు కుర్చీలో వెనక్కి వాలి. "మా కన్సల్టెంటు స్పెషల్‌గా చేయించాడు. అందరికీ చేయడు."

మాస్టరు సూపు తాగుతున్నాడు. చెంచా నోటిదాకా రాదు గనక తలే చెంచా దగ్గరికి తీసుకెళ్తున్నాడు.

ఆవిడ మామగారి వైపు తిరిగి, "మీ కోటు కూడా ఒంటికి పోత పోసినట్టుంది," అంది.

"మా పెద్దల్లుడు కుట్టాడమ్మా," అన్నారు మామగారు. చెవిటివాళ్లు మామూలుగా మాట్లాడితేనే నాలుగు బల్లలకి వినపడుతుంది. "ఆ చుక్కలు కూడా ఇతనివే. ఇందాక గదిలో కూర్చుని కుట్టాడు. ఆయన దీపం పట్టుకున్నాడు."

మాస్టరు భార్య నవ్వాపుకోలేక రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. తోడల్లుడు బ్రెడ్డు ముక్క మీద వెన్న రాసి, రాసిందే మళ్లీ రాసి, చివరికి తలెత్తి విశాలంగా నవ్వాడు.

"అదే చెప్పబోతున్నానండీ," అన్నాడు. "మా అన్నయ్యే. బయట షాపుల్లో ఏముంది, మనింట్లోనే ఇంత పనివాడుండగా అని నేనెప్పుడూ అంటూనే ఉంటాను."

తిరిగొచ్చిన నెలకి తోడల్లుడు కారుని సందు మొదట్లోనే ఆపి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ కొట్లోకి వచ్చాడు. కంపెనీలో ఏదో సభ ఉందట. కోటు కావాలట. మాస్టరు లేచి అరిగిన టేపు అందుకున్నాడు. నడుము దగ్గరికి రాగానే తోడల్లుడు ఊపిరి లోపలికి పీల్చి, పొట్ట బిగబట్టి, ఫొటోలో వాళ్లలా పక్కకి చూశాడు.

"గాలి వదులు తమ్ముడూ."

"వదిలానన్నయ్యా."

మాస్టరు టేపు పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. అతనికి తొందరేం లేదు. గోడ గడియారంలో ముల్లు ఒక చుట్టు పూర్తిచేసే లోపు తోడల్లుడి మొహం కందిపోయింది, పొట్ట తనంతట తనే బయటికి వచ్చేసింది.

"నలభై నాలుగున్నర!" అన్నాడు మాస్టరు.

"మెల్లగా అన్నయ్యా, వీధిలోకి వినపడుతుంది."

భార్య పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుంది. "ఎంతన్నారు? మిషను చప్పుడులో సరిగ్గా వినపళ్లేదు," అంది. మిషను ఆగిపోయే ఉంది.