ఎర్రపొట్ట సాక్షులు

అరబ్బు దేశంలో, మీర్బాత్ తీరంలో ఉన్న నత్తల హ్యాచరీ గేటులోంచి మంచినీళ్ల టాంకర్ వెనక్కి వెనక్కి వస్తోంది. దాన్ని చూడగానే, అక్కడ పరిశోధన చేస్తున్న అబిగైల్ పరుగెత్తుకొచ్చింది.

"ఖలాస్!" అన్నాడు మేనేజర్ అబ్దుల్. "నీ పురుగులు నా సుఫైలా పిల్లల్ని మింగేస్తున్నాయి. మూడో తొట్టి సగం ఖాళీ. మిగిలిన పిల్లల్ని పక్క తొట్టిలోకి మార్చేశాం. ఇక మంచినీళ్లు కొడితే నీ పురుగులన్నీ చస్తాయి."

సుఫైలా అంటే బంగారం ధర పలికే సముద్రపు నత్త. పురుగులని అతను తిట్టేవి ఆంఫిపాడ్లు, వరిగింజంత ఉండే రొయ్యల చుట్టాలు. వానల కాలంలో సముద్రం అడుగు నుంచి చన్నీళ్లు తన్నుకొస్తేనే ఇక్కడ పెద్ద నాచు పెరుగుతుంది, దాంతోపాటే ఇవీ దొరుకుతాయి. ఇవి కుళ్లిన నాచు తిని నత్తల తొట్టి శుభ్రం చేస్తాయని నిరూపించాలని అబిగైల్ పంతం. మంచినీళ్లు పడితే ఆ పరిశోధన గంగపాలే. మళ్లీ చన్నీళ్ల కోసం ఏడాది కాచుకోవాలి.

"సార్, వీటి పొట్ట అద్దం లాంటిది. తిన్నది పైకే కనిపిస్తుంది. చూపిస్తాను!"

"టాంకర్ డ్రైవర్ వజీర్ పైపు తగిలించేదాకా టైముంది. చూపించు."

మూడో తొట్టిలోంచి చెంచాతో నాలుగింటిని ముంచి తెచ్చి మైక్రోస్కోప్ కింద పెట్టింది. నాచు రంగు కోసం చూసిన అబిగైల్ ఇంకాస్త ముందుకు వంగింది. పొట్టలన్నీ ఎర్రగా మెరుస్తున్నాయి!

అబ్దుల్ కూడా వంగి చూశాడు. "రక్తం! దొరికిపోయాయి దొంగలు!"

అబిగైల్ స్టూలు మీంచి ఎగిరి లేచింది. "రక్తమే అయితే నీలంగా ఉండాలి సార్! మీ నత్త నెత్తురు నీలం!"

"నీలమా?"

ఆమె అప్పటికే సూదితో ఒక పొట్ట చీల్చింది. చుట్టూ నూనె బొట్లు. మధ్యలో పల్చటి, నున్నటి, ఎర్రటి ముక్క. వాడి కబీర్ పేటలోని తమ ఫ్లాట్‌లో అమ్మ మణికుమారి హాస్పిటల్ డ్యూటీ దిగొచ్చి పులుసు కాస్తే, చివర్లో కంచానికి అంటుకునేది ఇదే.

"మిరపతొక్క!" పగలబడి నవ్వింది.

"నా సముద్రంలో మిరపకాయలు ఎవడు తింటున్నాడు?"

ఇద్దరూ కిటికీలోంచి చూశారు. తొట్లు కడిగే పెద్దులు, శ్రీకాకుళం మనిషి, టాంకర్ పక్కన నిలబడి ఉన్నాడు. వాళ్ల చూపు తన మీద పడగానే చేతిలో బ్రష్షు పారేసి పరుగందుకున్నాడు.

"పెద్దులు బాబాయ్! ఆగు!"

"నానేటీ సెయ్నేదు పాపా!"

"మరెందుకు పరిగెడుతున్నావ్?"

"నువ్వు తరుముతున్నావ్ కదేటి!"

జల్లుకి తడిసిన గచ్చు మీద ముగ్గురూ జారుతూ తొట్ల చుట్టూ తిరిగారు. అబ్దుల్ తెల్ల అంగీ పైకెత్తి ఎదురొచ్చేసరికి పెద్దులు చతికిలబడి, మూడో తొట్టి పైపు మూతి చూపించాడు. అబిగైల్ చెయ్యి పెట్టి లాగింది. చిరిగిన వల బయటికొచ్చింది, అందులో పళ్లెమంత పీత. దాని కింద గుప్పెడు నత్త పెంకులు తళతళలాడుతున్నాయి.

"సిన్నగున్నపుడు అట్టుకున్నాను బాబూ," అన్నాడు పెద్దులు. "రోజూ నా సేపల పులుసు ముక్కలేసి పెంచినాను. సుక్కురారం వండుకుందావని. వల సిరిగిపోనాదని నాకేటి తెలుసు?"

పీత పులుసు ముక్కలతో ఆగక నత్తపిల్లల మీద పడింది. అది వదిలేసిన పులుసు ఆంఫిపాడ్లకి విందైంది.

"పైపు తగిలించాను. తిప్పెయ్యనా?" గేటు వైపు నుంచి వజీర్ కేకేశాడు.

"వద్దు!" ముగ్గురూ ఒక్క గొంతుతో అరిచారు.

అబ్దుల్ పీతని వెనక నుంచి పట్టుకుని పైకెత్తాడు. "నా నత్తలు తిని బలిసింది. ఇది నాది."

"పులుసు నాది కద బాబూ!"

అబిగైల్ నవ్వాపుకోలేక తొట్టి గట్టు మీద కూలబడింది. "మీ కొట్లాట తర్వాత సార్. నా పురుగుల సంగతి చెప్పండి ముందు!"

"ఉంచుకో తల్లీ, ఉంచుకో!" అబ్దుల్ పీతని పెద్దులు చేతికి అందకుండా తల మీదికెత్తి, రెండో చేత్తో టాంకర్‌ని గేటు బయటికి పొమ్మని ఊపాడు.